చదువుట, వినుట, చూచుట

1872లో బంకించంద్రుడు "వంగదర్శన్" అనే మాసపత్రికను స్థాపించినప్పుడు, ఆయన వ్రాసిన "విషవృక్షం" అనే నవల మొదటి సంచికనుండే వెలువడసాగినది. నెలకు కొన్ని ప్రకరణాలు. ఆ తరువాత ముప్పది రోజుల మౌనం. అప్పటికి రవీంద్రనాథుడు పదేండ్లు నిండిన బాలుడు. పత్రికకోసం నెల పొడుగునా కాచుకొని ఉండడం ఒక శిక్ష అయితే, వచ్చిన తరువాత ఇంటిలోని పెద్దలందరు చదివి ముగించేవరకు కాచుకొని ఉండడం మరింత పెద్ద శిక్షగా ఉండేదని ఆయన తన జీవితస్మృతులలో చెప్పుకొన్నారు. చెప్పి ఊరుకోలేదు. ఆ నవలలను తరువాతివారు ఒక్క గుక్కలో చదివివేయగలరు కాని, చదివిన కొద్దిపాటిని నెలరోజులు మనస్సులో త్రిప్పుకొంటూ, ఆకలీ తృప్తీ కలిసిపోయిన స్థితిలో చదువుకొన్న ఆ సుఖం వారికి దొరకదని ఆయన భావించినారు.

ఇందులో న్యాయమున్నది, కొంచెం అన్యాయం కూడ ఉన్నది. తాము కథను ఏ రూపంలో మొదట రుచి చూచినారో ఆ రూపమే కథకు సహజమైనదని తలచడం మానవస్వభావం. పురాణకాలక్షేపాలలో కథ విని పెరిగిన తాతలు అచ్చుపుస్తకాన్ని చూచి పెదవి విరిచి ఉంటారు. పుస్తకం చదివి పెరిగినవారు చలనచిత్రాన్ని చూచి విరిచినారు. చలనచిత్రాలు చూచి పెరిగినవారు, చెవులలో తీగలు పెట్టుకొని రైలుపెట్టెలో నవల వింటున్న పిల్లలను చూచి నేడు విరుస్తున్నారు. ఆ పిల్లలకు కూడ పెదవులున్నవి. వారి వంతు రాకపోదు.

అచ్చుపుస్తకమే నవలకు పుట్టినిల్లు, తక్కినవన్నీ దాని నీడలు అని వాదించేవారు ఒక సంగతి మరచిపోతారు. మన భాషలలోని గొప్ప నవలలు పెక్కు పుస్తకాలుగా పుట్టలేదు. పత్రికలలో, ముక్కలు ముక్కలుగా, ఒక్కొక్కప్పుడు రచయితకే ముందు దారి తెలియని స్థితిలో పుట్టినవి. 1927లో "విచిత్ర" అనే పత్రికలో రవీంద్రుడు "తీన్ పురుష్" అనే నవలను ప్రారంభించినారు. మూడు తరాల కథ అని పేరే చెప్పుతున్నది. కొన్ని సంచికలు గడిచేసరికి ఆయన మనస్సు మారినది. పేరు "యోగాయోగ్" అయినది. మూడు తరాలు రానేలేదు. పుస్తకాన్ని చేతబట్టిన పాఠకునికి ఈ మార్పు కనపడదు. పత్రికలో చదివినవానికి మాత్రం, ప్రయాణం నడుమ రైలుకు పేరు మార్చినట్లు, అది కూడ ఆ నవలలోని ఒక సంఘటనయే.

తెలుగు పాఠకులకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. చక్రపాణి మొదలైనవారి అనువాదాలవల్ల శరత్‌చంద్రుడు ఆంధ్రదేశంలో ఎంతగా ఇంటిమనిషి అయినారంటే, ఆయన తెలుగు రచయితే అనుకొన్నవారు ఉండేవారన్న మాట నేటికీ వినబడుతుంది. 1917లో పుస్తకరూపం దాల్చిన "దేవదాసు" 1935లో ప్రమథేశ్ బారువా చేతిలో వంగభాషాచిత్రమయినది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగుచిత్రమయినది. ముందు చిత్రం చూచి, ఆ తరువాత నవలను వెదకికొన్నవారు ఎందరో. వారికి పార్వతి ముఖం సావిత్రి ముఖమే. శరత్ వాక్యాలు ఎన్నిసార్లు చదివినా అవి ఆ ముఖాన్ని చెరపలేవు. ఇది లాభమా, నష్టమా అని అడిగితే తొందరపడి జవాబు చెప్పకూడదు. ఒక నవల, దానికి పట్టిన నాలుగైదు రూపాలు, వాటినడుమ జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాలు దగ్గరగా చూచిన తరువాతనే చెప్పాలి. అందుకు "పథేర్ పాంచాలి"ని మించిన నవల మన దేశంలో లేదు.

1928లో ఆ "విచిత్ర" పత్రికలోనే విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ అనే క్రొత్త నవలాకారుని రచన ప్రారంభమయినది. ఆయన అప్పుడు భాగల్పూరు ప్రాంతంలో ఒక జమీందారీలో ఉద్యోగి. బీహారు అడవుల అంచున కూర్చుండి, తాను విడిచివచ్చిన వంగదేశపు పల్లెను గురించి వ్రాసినారు. వ్రాత చాలవరకు ముగిసిన తరువాత భాగల్పూరులో తలవిరబోసుకొన్న ఒక బాలికను చూచినారనీ, ఆ పిల్ల చూపు వెంటాడగా వ్రాసినదంతా తిరగవ్రాసి దుర్గను కథలోనికి తెచ్చినారనీ చెప్పుతారు. ఆ మాట నిజమైతే, దుర్గ లేని "పథేర్ పాంచాలి" కూడ ఒకప్పుడు కాగితాలమీద ఉండినదన్నమాట. 1929లో నవల పుస్తకమై వెలువడినది.

ఆ తరువాత 1944 ప్రాంతంలో కలకత్తాలోని సిగ్నెట్ ప్రెస్ పిల్లలకోసం దీనికొక సంక్షిప్తప్రతిని సిద్ధపరచినది. పేరు "ఆమ్ ఆంటిర్ భేంపు" - మామిడిటెంకతో చేసుకొనే బూర. నవలలోని రెండవ భాగం పేరే అది. దానికి బొమ్మలు వేసే పని ఒక యువచిత్రకారునికి అప్పగించినారు. ఆయన ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగి; పేరు సత్యజిత్ రాయ్. ఈ కథ మంచి చలనచిత్రం కాగలదని ప్రచురణకర్త దిలీప్‌కుమార్ గుప్త ఆయనతో అన్నారు. 1952 అక్టోబరులో, తెల్లని రెల్లుపూలు విరియబూచిన ఒక పొలంలో, షూటింగు ప్రారంభమయినది. డబ్బు లేక ఆగినది, మళ్ళీ సాగినది, చివరకు బెంగాలు ప్రభుత్వం ఆదుకొనగా 1955లో చిత్రం విడుదల అయినది.

నవలను సంక్షేపించడం పాపమనీ, పిల్లలకు ఇస్తే మొత్తం ఇవ్వాలి లేదా అసలే ఇవ్వకూడదనీ వాదించే పండితులు ఈ వంశవృక్షాన్ని కొంచెం ఆలోచించాలి. మన దేశపు చలనచిత్రకళకు లోకంలో పేరు తెచ్చిన చిత్రానికి బీజం పడినది సింహద్వారంలో కాదు, పిల్లలు దూరే దొడ్డిగుమ్మంలో. ఆ గుమ్మం లేకపోతే ఆ చిత్రం వచ్చి ఉండేదో లేదో చెప్పగలవారెవరు?

అయితే దొడ్డిగుమ్మం దగ్గరనే నిలిచిపోయినవానికి ఏమి పోతుందో కూడ చెప్పాలి. నవలలో రైలు సంగతి చూడండి. ఒకనాడు తప్పిపోయిన ఆవుదూడను వెదకే మిషతో అక్కాతమ్ముళ్ళు రైలుదారి చూడాలని పరుగెత్తుతారు. బురదనేలలలో దారి తప్పి, చూడకుండానే ఇల్లు చేరుతారు. మరొకప్పుడు అపు తండ్రితో పొరుగూరికి పోతూ రైలుపట్టాలను చూస్తాడు. బండి రావడానికి ఇంకా చాలసేపు పడుతుంది, ఆగుదామని పిల్లవాడు బ్రతిమాలుతాడు, హరిహర్ ఆగడు. జ్వరంలో పడిఉన్న దుర్గ, తనకు నయమైన తరువాత రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. ఆమె చూడదు. ఊరు విడిచిపోతూ అపు రైలెక్కినప్పుడు పాఠకుని గొంతులో అడ్డుపడేది ఆ చూడని రైలే. వందలకొలది పుటల పొడుగునా రాని బండికోసం పాఠకునిచేత కూడ కాచుకొనేటట్లు చేసినాడు రచయిత.

చిత్రంలో రెల్లుపొలం మీదుగా నల్లని పొగ లేస్తుంది. బండి వస్తుంది. దుర్గ తడబడి పడిపోతుంది. అపు కట్ట ఎక్కి, కళ్ళముందునుండి పోతున్న రైలును చూస్తాడు. చూచినవారు ఆ కొద్ది క్షణాలను జన్మలో మరచిపోరు. అయినా నవల చేసినది ఇది కాదు. చూడకపోవడాన్ని చూపడం కెమెరాకు కష్టం. వాక్యానికి అది నిత్యకృత్యం. రాయ్‌కు ఈ భేదం తెలియదని ఎవరూ అనలేరు. తెలుసును గనుకనే ఆయన నవలను అనుసరించలేదు, తన పనిముట్టు చేయగలిగినది చేసినాడు.

అది చేయగలిగినది తక్కువ కాదు. నవలలో ముసలి ఇందిర్ ఠాక్రుణ్ కథ ప్రారంభంలోనే, అపు ఊయలలో ఉండగానే మరణిస్తుంది. చిత్రంలో ఆమె మరణాన్ని వెనుకకు జరిపినారు. పిల్లలిద్దరు వెదురుతోపులో ఆమెను కదిలించి చూచి, మృత్యువంటే ఏమిటో తెలుసుకొంటారు. చునీబాలాదేవి అనే వృద్ధనటి ఆ పాత్ర ధరించినది. ఆమె ముఖంలోని ముడతలను చూచిన తరువాత, నవలలోని ఆ ప్రకరణాన్ని తిరిగి చదివినవానికి అందులోని ప్రతి వాక్యం బరువెక్కుతుంది. అట్లాగే దుర్గ దొంగతనం. నవలలో ఆమె పోయిన తరువాత అపుకు దొరికినది బంగారు కుంకుమభరిణె. వాడు దానిని వెదురుపొదలలోనికి విసరివేస్తాడు. చిత్రంలో అది పూసలదండ, విసరినది చెరువులోనికి. నాచు రవంత విడిపోయి, మెల్లగా మళ్ళీ కూడుకొంటుంది. ఒక్క మాట లేదు. ఇక్కడ మాత్రం నవలాకారుడే చిత్రకారునికి బాకీపడి ఉన్నాడు. ఆయన 1950లోనే ఘాట్‌శిలలో కన్నుమూసినందువల్ల ఆ బాకీ సంగతి ఆయనకు తెలియలేదు.

మూడవ భాగం మాట వేరు. "అక్రూర్ సంవాద్" అనే ఆ భాగంలో కుటుంబం నిశ్చిందిపురం విడిచి కాశీ చేరుతుంది. హరిహర్ గంగఒడ్డున పురాణం చెప్పి నాలుగు డబ్బులు సంపాదిస్తాడు, మరణిస్తాడు. సర్వజయ ధనికుల ఇంట వంటమనిషి అవుతుంది. ఊరికి తిరిగిపోవాలన్న కోరిక అపును లోలోపల దహిస్తుంది. చిత్రం ఎడ్లబండి ఊరు దాటడంతో ముగిసినది. 1968లో క్లార్క్, తారాపద ముఖర్జీలు చేసిన ఆంగ్లానువాదం కూడ ఊరు విడిచినచోటనే ఆగిపోయినది. కళాదృష్టితో చేసినామని అనువాదకులు చెప్పవచ్చును. ఆ ముగింపుకు ఒక సొగసు ఉన్న మాట నిజమే. కాని విభూతిభూషణ్ వ్రాసినది అది కాదు. ఆయన పుస్తకం చివర దారికి అధిదేవత అయినవాడు చిరునవ్వుతో ఆ పిల్లవాణ్ణి ఇంకా ముందుకు పిలుస్తాడు. గ్రంథానికి ఆ పేరు పెట్టినందుకు అర్థం తెలిసేది అక్కడ. ఆంగ్లంలో మాత్రమే చదివిన పాఠకులు, చిత్రం మాత్రమే చూచిన ప్రేక్షకులు, ఈ పేరు ఎందుకు వచ్చినదో సగమే తెలుసుకొని పుస్తకం మూసినారు, లేదా లేచి ఇంటికి పోయినారు.

ఈ నవల పుట్టిన సీమలోనే, రాణాఘాట్ సమీపాన ఒక పల్లెలో, దీనిని అన్ని రూపాలలోను ఎరిగిన ఒక పాఠకుడున్నారు. ఊరివారు ఆయనను మాస్టారు అంటారు. 1940లో పుట్టినారు, ఉన్నత పాఠశాలలో వంగభాష బోధించి 2000లో విశ్రాంతి పుచ్చుకొన్నారు.

ఆయన చదువు నాయనమ్మతో ప్రారంభమయినది. ఆమెకు అక్షరం రాదు. మధ్యాహ్నం భోజనాలయిన తరువాత, నోటిలో తాంబూలం బిగించి, వసారాలో చాప పరచుకొని ఆమె పిలిచేది. ఎనిమిదేండ్ల మనుమడు ఊరి గ్రంథాలయంనుండి తెచ్చిన శరత్ పుస్తకం విప్పేవాడు. ఆమె మామూలు శ్రోత కాదు. నచ్చినచోట "మళ్ళీ" అనేది. నచ్చనిచోట పాత్రలను పేరుపెట్టి తిట్టేది. "రామేర్ సుమతి" చదివిననాడు, రాముడు కార్తికుడనీ గణేశుడనీ పేర్లు పెట్టి పెంచుకొన్న చేపలలో ఒకదానిని పట్టించి వండించిన దిగంబరిమీద ఆమెకు వచ్చిన కోపం కొడుకు కోడలి మీదికి మళ్ళినది. ఆ పూట ఇంటిలో చేపలకూర వండరాదని ఆజ్ఞాపించినది. ఆమె విధవ; చేప ముట్టదు. శిక్ష తక్కినవారికే పడినది. ఇరుగుపొరుగు స్త్రీలతో ఆమె, "శరత్‌బాబు పుస్తకాలన్నీ నేను చదివినాను" అనేది. "విన్నావు" అని మనుమడు సవరించేవాడు. "నీవు అక్షరాలు చదివినావు, కథ నేను చదివినాను" అని ఆమె జవాబు.

పదవ ఏట బడిలో బహుమతిగా మామిడిటెంక బూర పుస్తకం వచ్చినది. అందులోని నల్లని బొమ్మలలో దుర్గకు ముఖం స్పష్టంగా లేదు. ఆ పిల్లవాడు తన ఇష్టం వచ్చిన ముఖం పెట్టుకొన్నాడు. అది చాలవరకు మేనమామకూతురి ముఖం. పదునైదవ ఏట మేనమామతో కలకత్తా వెళ్ళి చిత్రం చూచినాడు. హాలునుండి ఏడుస్తూ బయటికి వచ్చినాడు. వారం రోజుల తరువాత గమనించినది ఏమిటంటే, తన దుర్గ పోయినది. కళ్ళు మూసుకొంటే తెరమీది దుర్గయే వస్తున్నది. అప్పటినుండి ఎన్ని విధాల ప్రయత్నించినా మొదటి ముఖం తిరిగి రాలేదని మాస్టారు నేటికీ నింద వేస్తారు. వేసి, చిత్రం ఎన్నిసార్లు చూచినారని అడిగితే లెక్క చెప్పరు.

కళాశాలలో చేరిన తరువాత మొత్తం నవల చేతికి వచ్చినది. ఎడ్లబండి ఊరు దాటినచోట పుస్తకం ముగిసినదని తలచి పుట త్రిప్పితే, ఇంకా ఒక భాగం మిగిలి ఉన్నది! పదేండ్లుగా తెలిసినదనుకొన్న ఇంటిలో తాళం వేసిన గది ఒకటి కనబడినట్లయినది. ఆ సంతోషంలోనుండి ఒక కాఠిన్యం పుట్టినది. మాస్టారు ఉద్యోగంలో ఉన్న దినాలలో సంక్షిప్తప్రతిని తరగతికి తెచ్చిన విద్యార్థిని గుమ్మం బయట నిలబెట్టేవారు. నవల చదవకముందు చిత్రం చూడరాదని శాసించేవారు. విద్యార్థులు తప్పక చూచేవారు. తమ గురువుగారు ఆ నవలకు ఏ గుమ్మంలోనుండి వచ్చినారో వారికి తెలియదు గదా.

2017 నాటికి నీటికాసులవల్ల ఆయన రెండు కళ్ళు దాదాపు పోయినవి. మొదట పుట అంచులు మాయమయినవి. తరువాత వాక్యాల చివరలు. దీపం మార్చినారు, భూతద్దం తెచ్చినారు, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకొన్నారు. చివరకు పుస్తకాలను అరలలోనే ఉంచి వేళ్ళతో వీపులు తడిమి పేర్లు చెప్పడం మిగిలినది. కలకత్తాలో ఉద్యోగం చేస్తున్న మనుమరాలు శనివారం శనివారం వచ్చేది. ఫోనులో కథలు వినవచ్చు గదా అన్నది. "విన్నదానిని చదివినానని చెప్పుకోలేను" అన్నారు మాస్టారు. ఒక ఏడాదిపాటు అదే మాట.

ఆ అమ్మాయి సాహిత్యంలోనికి వచ్చినది చెవిగుండానే. 2009లో కలకత్తాలోని రేడియో మిర్చి "సండే సస్పెన్స్" పేరుతో కథలను నాటకీయంగా చదివి వినిపించడం ప్రారంభించినది. రాయ్ వ్రాసిన ఫెలూదా కథలు, శరదిందు బంద్యోపాధ్యాయ వ్యోమకేశుని కథలు ఆమె ఆ విధంగా విన్నది. విన్న తరువాతనే పుస్తకాలు కొన్నది. తాతగారు పరీక్షించినారు: వ్యోమకేశుడు తనను డిటెక్టివ్ అనవద్దని, మరి ఏమనాలంటాడు? "సత్యాన్వేషి" అన్నది తడుముకోకుండ. 1932 నాటి కథలోని ఆ మాట దాని నోట వినేసరికి ఆయన కొంత మెత్తబడినారు.

మొదట ఫోనులోని యంత్రకంఠం చేత చదివించి చూచినారు. దానికి ఊపిరి లేదు. కామా దగ్గర ఆగేది కాని దుఃఖం దగ్గర ఆగేది కాదు. సర్వజయ ఏడ్పును, బియ్యం ధరను ఒకే గొంతుతో చెప్పేది. తరువాత ఒక నటుడు చదివినది తెచ్చినారు. ఆయన ప్రతి పాత్రకూ ఒక గొంతు పెట్టినాడు. దుర్గ గొంతు వినగానే మాస్టారు ఆపించినారు. ముఖం ఒకరు తీసుకొన్నారు, గొంతునైనా ఉండనివ్వండి అన్నారు. చివరకు ఏ ఆడంబరమూ లేకుండ, ఇంటిలో కూర్చుండి చదువుతున్నట్లు చదివిన ఒక స్త్రీ కంఠం ఆయనకు నచ్చినది.

మనుమరాలు వేగం పెంచుకొని వింటుంది. రెండు గంటల కథను గంటంబావులో ముగిస్తుంది. దానిమీద పెద్ద తగవు జరిగినది. పరుగెత్తేవానికి రెల్లుపూలు కనబడవని ఆయన వాదన. బస్సులో నిలబడి వినేవారికి అంత తీరిక ఉండదని ఆమె వాదన. ఎవరి మాటా తీసివేయదగినది కాదు. బంకించంద్రుని పాఠకులకు ముప్పది రోజుల విరామం పత్రిక పెట్టినది; ఈ అమ్మాయికి విరామం ఎంత ఉండాలో బస్సు నిర్ణయిస్తున్నది.

వినడంలోని చిక్కులు మాస్టారుకు క్రమంగా తెలియవచ్చినవి. పుస్తకం మర్యాద ఎరిగినది. పాఠకుడు కునికితే తానూ ఆగుతుంది, ఒడిలో ఒదిగి నిద్రపోతుంది. కంఠానికి ఆ మర్యాద లేదు. ఒకనాటి మధ్యాహ్నం ఆయన కన్ను మూతపడినప్పుడు ఇందిర్ ఠాక్రుణ్ బ్రతికి ఉన్నది. మేలుకొనేసరికి పోయి చాలసేపయినది. ఎడమపుట పైభాగంలో ఉన్నదని గుర్తుపెట్టుకొన్న వాక్యం ఇప్పుడు ఎక్కడా లేదు. కంటికి దాటిపోయే అలవాటు ఉన్నది, చెవికి లేదు. అరవై ఏండ్లుగా తాను దాటవేస్తూ వచ్చిన చెట్ల పేర్లు, తీగల పేర్లు మొదటిసారిగా ఒక్కొక్కటే విన్నారు. ఆ నవలలో సగం ఆ పేర్లే.

ఇటువంటివారి విషయంలో మన ప్రభుత్వం చేసిన మంచి పని ఒకటి ఇక్కడ చెప్పుకోదగినది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, చూపు లేనివారు మొదలైనవారికోసం గ్రంథాలను వినదగిన రూపంలోనికి మార్చడానికి అవకాశం కల్పించినారు. 2013లో మరాకేష్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను అందరికంటె ముందుగా, 2014లో, ధ్రువీకరించిన దేశం భారతదేశమే. విభూతిభూషణుని నవలల విషయంలో ఆ అవసరం కూడ లేదు. రచయిత మరణించి అరవై ఏండ్లు నిండినందున 2011 నుండి అవి లోకానికంతకూ చెందినవి. ఎవరైనా గొంతెత్తి చదివి ఎవరికైనా వినిపించవచ్చును.

వినిపించడం ఈ నవలకు పరాయి విషయం కూడ కాదు. అపు మహాభారతాన్ని ఎరిగినది ఎట్లా? మధ్యాహ్నవేళ తల్లి చినిగిన కాశీదాసు భారతం చదువుతుండగా విని. రథచక్రం నేలలో దిగబడిన కర్ణునికోసం కన్నీరు పెట్టుకొన్న ఆ పిల్లవాడు ముందు శ్రోత; తరువాతనే పాఠకుడు. వాని తండ్రి బ్రతుకుతెరువు పురాణం చెప్పడం. ఈ సంగతి మాస్టారు తరగతిలో ఎన్నోసార్లు బోధించినారు. ఇప్పుడు వసారాలో, నాయనమ్మ కూర్చున్న చోటనే చాప వేయించుకొని, ఆ ప్రకరణం రాగానే "మళ్ళీ" అన్నారు. వెనుకకు త్రిప్పడం ఆయనకు చేతకాదు. ఫోను ముందుకు పోతూనే ఉన్నది.

ఆ ధ్వనిముద్రణ కూడ సంక్షిప్తమేనని, ఎడ్లబండి ఊరు దాటగానే ఆగిపోయినప్పుడు తెలిసినది. మాస్టారు పెద్దగా నవ్వినారట. మూడవ భాగం మనుమరాలే పుస్తకం పట్టుకొని చదవవలసి వచ్చినది. ఆమెకు పాతకాలపు సాధుభాష అలవాటు లేదు. క్రియాపదాల దగ్గర తడబడుతుంది. తడబడినచోట మాస్టారు వాక్యాన్ని జ్ఞాపకంనుండి పూర్తిచేస్తారు. ఒక్కొక్కప్పుడు తప్పుగా పూర్తిచేస్తారు, అప్పుడు ఆమె పుస్తకం చూచి దిద్దుతుంది. ఒక శనివారానికి ఇరవై పుటలకంటె సాగదు. మిగిలినదానికోసం ఇద్దరూ వారం రోజులు కాచుకొని ఉంటారు. ఆమె కలకత్తాలో, ఆయన వసారాలో. ఫోనులో ముందుకు పోయి చూడవద్దని ఆమెచేత ఒట్టు వేయించుకొన్నారు.

మొన్నటి శనివారం కాశీలో హరిహర్ మరణశయ్యమీద ఉన్నాడు. ఆ అమ్మాయి "అపరాజితో" చిత్రాన్ని ముందే చూచి ఉన్నది. 1956లో వచ్చిన ఆ చిత్రంలో రాయ్ ఈ భాగాన్నే తీసుకొన్నాడు. హరిహర్ ప్రాణం పోయిన క్షణంలో ఘట్టాలమీది పావురాలు గుంపుగా ఆకాశంలోనికి లేస్తవి. ఆమె చదివినది, హరిహర్ పోయినాడు, ఇంకా రెండు పేరాలు చదివినది, పుట త్రిప్పి చూచినది.

"పావురాలు ఏవి, తాతయ్యా?"

"అవి రాయ్‌గారివమ్మా," అన్నారు మాస్టారు. "నీవు చదువు."